చెరిపెయ్యని మెసేజ్

కోర్టు వరండాలో హీటర్ల కంపెనీ మెకానిక్ ఎదురుచూస్తున్నాడు. లాయరమ్మ నవ్వుతూ బయటికి వచ్చింది.

“ఏమైందమ్మా?”

“మీ ఫోన్లో ఉన్న ఆ మెసేజ్ మీరే పుట్టించారని కంపెనీవాళ్ళు వాదించారు, బాబాయ్‌గారూ.”

“‘హీటర్ వైరు కాలుతోందని కొన్నవాళ్ళకి చెప్పొద్దు’ అని నాకు పంపింది మా మేనేజరేగా!”

“మీ ఫోన్ సీలు వేసి ఇచ్చాం కదా. నిపుణుడు పరీక్షించి, అక్షరం కూడా మారలేదన్నాడు. జడ్జిగారు సాక్ష్యంగా తీసుకున్నారు.”

“అయితే ఆ హీటర్‌తో చెయ్యి కాలిన మా వదిన కేసు నిలబడినట్టేనా?”

“ఆవిడదొక్కటే కాదు. ఆ హీటర్లు కొన్న నాలుగు వేలమంది తరఫునా ఒకే కేసుగా నడపమన్నారు.”

“ఆ మెసేజ్ చదివి కూడా పదిరోజులు నోరు మెదపలేదమ్మా నేను. ఆ పదిరోజుల్లోనే వదిన చెయ్యి కాలింది.”

“తర్వాతైనా ఉద్యోగం పోతుందని తెలిసే ఫోన్ తెచ్చిచ్చారు.”

“వదిన గేటు దగ్గరే ఉంది. ఈ కబురు నన్నే చెప్పనివ్వమ్మా. ఇవాళ తలెత్తి చెబుతాను.”