చెయ్యి కడుక్కున్న చోటు

1998 ఆగస్టు, మధ్యాహ్నం మూడు గంటలు. నిడదవోలు దగ్గర కల్యాణ మండపం కోసం చదును చేస్తున్న దిబ్బలో పాతకాలపు ఇటుక గోడ బయటపడింది. బుల్డోజర్ దాన్ని పెకలించేసింది. అలాంటిది కనబడితే పని ఆపించడానికి పురావస్తు శాఖ నియమించిన ఉద్యోగి ఆ సమయానికి అక్కడ లేడు. పై అధికారిణి జీపు దిగేసరికి అతను తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

“మిషన్ ఆపించకుండా కదలొద్దన్నాను కదండీ?”

“ఆపించే వెళ్ళానండి. స్థలం యజమాని అచ్చిబాబుగారు భోజనానికి పిలిచారు. రెండుసార్లు వద్దన్నాను మేడమ్.”

“మూడోసారి?”

“వాళ్ళావిడే వచ్చారండి, విస్తరి వేసేశామని.”

“గంటన్నర తిన్నారా?”

“పెరుగన్నం అయ్యాక లేవబోతే మళ్ళీ గారెలు తెచ్చారండి. అప్పుడే మిషన్ చప్పుడు వినబడింది.”

“వినబడితే?”

“విస్తట్లో వడ్డించాక లేవలేకపోయానండి.”

“అన్నం పెట్టి కూర్చోబెట్టారన్నమాట. సరే, ఒక్క ఇటుకైనా పూర్తిగా మిగిలిందా?”

“ఒకటుందండి.”

“ఎక్కడ?”

అతను కుడిచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“వాళ్ళ పెరట్లో. నేను వెళ్ళేటప్పుడు తొట్టి దగ్గర బురదుంది. తిని లేచేసరికి అక్కడ ఇటుకేశారు. దానిమీద నిలబడే చెయ్యి కడుక్కున్నానండి.”

“గుర్తుపట్టలేదా?”

“పట్టానండి. మూరెడు పొడవుంది, ఇప్పటి ఇటుకలు అంతుండవు.”

“మరి అడగలేదేం?”

“ఆవిడ నా చేతిమీద నీళ్ళు పోస్తున్నారు మేడమ్.”

ఇద్దరూ అచ్చిబాబుగారింటికి నడిచి వెళ్ళారు. ఇటుకను తీసి జీపులో పెట్టారు. ఇంటావిడ రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చారు. అధికారిణి వద్దన్నారు. అతను అందుకున్నాడు.