గేదె కోసమే ఈ చొక్కా

ఎన్నిసార్లు చెప్పాలి బావా నీ కూతురికి, ఆ చొక్కా జోలికి పోవద్దని? గుడ్లవల్లేరు కాలేజీ నుంచి సెలవులకు వచ్చిందో లేదో, ఇంట్లో బట్టలన్నీ పోగేసి సర్ఫులో నానబెట్టేసింది. "అమ్మా, నాన్న చొక్కా కంపు కొడుతోందే" అంది. కొట్టదూ మరి! ఆ కంపే కదా ఇన్నాళ్ళూ మనకు కూడు పెట్టింది.

తిట్టలేదు. తిట్టాల్సిందేమో.

నీ ఫొటోకు దండ పడ్డ రోజే మొదలైంది ఇదంతా. చెరువు గట్టున కరెంటు షాక్ కొట్టి నువ్వు పోయావా, నిన్నింకా అరుగు మీద నుంచి లేపనైనా లేదు, మీ షావుకారు పిచ్చేశ్వరరావు గారు ఏమన్నారో తెలుసా? "మీ కనకరత్నం తప్ప ఎవరు పితకడానికి కూర్చున్నా తన్నేది కదమ్మా, ఇప్పుడు మా మడగేదె ఎవరికి చేపి పాలిస్తుంది?" అని. ఆయన్ని అనుకుని ఏం లాభం? నాకూ ముందు అదే గుర్తొచ్చింది. ఏడుపు తర్వాత వస్తుందిలే అనుకున్నా. రాలేదు.

మీ అమ్మే చెప్పింది, పితికే మనిషి మారితే పాత మనిషి బట్ట కట్టుకుని కూర్చోవాలే అని. మామూలు గేదెలకు చేసేదే కదా! నీ చొక్కా తొడుక్కుని కూర్చున్నా. చేపింది. మడ అడవిలో ఆకు మేసి, ఉప్పునీళ్ళు తాగి, రోహిణీకార్తెలో కూడా మంచులా చల్లటి పాలు ఇస్తుంది చూడు, అలాగే ఇచ్చింది. ఆ పాలు బెజవాడ హోటళ్ళలో చిట్టి గ్లాసుల్లో పోస్తారట. తాగి పడుకుంటే కావలసినవాళ్ళు కల్లోకి వస్తారని డబ్బున్నోళ్ళు ఎగబడతారట.

నేనూ ఓ గుక్క తాగాన్లే, దొంగతనంగా. నువ్వు రాలేదు. అవనిగడ్డ బస్టాండులో పల్లీలమ్మే ఆయన వచ్చాడు. ఏం చెయ్యను!

సరే, ఇవాళ సంగతి విను. చొక్కా తీగ మీద నీళ్ళోడుతోంది. పితక్కపోతే పొదుగు వాచిపోతుంది. తన్నితే తన్నిందిలే అని నైటీ మీద తువ్వాలేసుకుని వెళ్ళా.

తన్నలేదు బావా. నా చెయ్యి నాకింది. బిందె నిండా ఇచ్చింది.

అంటే ఏంటి? ఇన్నాళ్ళూ నాకే ఇచ్చిందా? నిన్ను ఎప్పుడో మర్చిపోయిందా? ఏమో. అదేమన్నా నోరు తెరిచి చెబుతుందా!

షావుకారు ముందు నుంచీ అంటూనే ఉన్నారు, "చొక్కా లేకుండా ఇచ్చిన రోజు చెప్పమ్మా, గుడివాడ తోలుకుపోతాను, అక్కడ పితికే మనుషులున్నారు" అని. పొద్దున్నే వచ్చారు. బిందె చూశారు, తీగ మీద చొక్కా చూశారు. "ఇంకో చొక్కా ఉందండి, అదేసుకునే పితికా" అన్నా. ఎక్కడుంది? నీవి మిగతావన్నీ కాలవలో వదిలేశాం కదా.

పని పోతుందని అబద్ధమాడాననుకుంటున్నావా? పనికేం, రొయ్యల షెడ్డుకెళ్తే రేపే పెట్టుకుంటారు.

మొగుడు పోయిన ఆడది మొగుడి చొక్కా తొడుక్కుని తిరిగితే కోడూరులో ఏమంటారు చెప్పు? పిచ్చెక్కిందంటారు. గేదె కోసమంటే ఎవరూ ఏమీ అనరు.

ఇప్పుడు నీ చొక్కాకి సబ్బు వాసన తప్ప ఏమీ లేదు బావా. అయినా రేపటికి ఆరిపోతుందిలే. వేసుకుంటాను.