చలిమిడి ఎవరికి?

కడుపుతో ఉన్న మనవరాలు నిహారిక కోసం బుల్లెమ్మ చిక్కడపల్లి పిండిమర దాకా వెళ్ళి, తడి బియ్యం ఆడించుకొచ్చి చలిమిడి చేసింది. నిహారిక గిన్నె వెనక్కి నెట్టేసరికి ఆవిడ మనసు చివుక్కుమంది.

“వద్దమ్మమ్మా. నేనిప్పుడు తీపి ఎక్కువ తింటే బిడ్డ జన్యువుల మీద గుర్తులు పడి, పెద్దయ్యాక షుగర్ రావచ్చట.”

“ఇదెక్కడి చోద్యమే?”

“అంతేకాదు. అమ్మ నీ కడుపులో ఉన్నప్పుడే, నేను పుట్టబోయే అండం అమ్మలో ఉంది. అప్పుడు నువ్వు తిన్నదాని గుర్తు నా మీదా ఉండొచ్చు.”

“అంటే నిన్ను కూడా నేనే మోశానన్నమాట!”

“ఒకరకంగా అంతే.”

“మరి నాకు మీ అమ్మ కోసమే చలిమిడి పెట్టారు. నిన్ను మోసినందుకు ఎవరూ పెట్టలేదే!”

బుల్లెమ్మ గిన్నె తన ఒళ్ళోకి లాక్కుంది.

“అమ్మమ్మా, నీకు షుగరు!”

“దానికి నన్నంటావేం? ఏం తిందో వెళ్ళి మా అమ్మమ్మనడుగు!”