మినిట్స్ పుస్తకంలో ఒక అసూయ

1994 సెప్టెంబరు 1న క్లైవ్ ర్యామ్స్‌డెన్ గారు ఇంగ్లండులోని లింకన్‌షైర్ తీరాన మార్ష్‌బీ హైస్కూలులో భూగోళం మాస్టారుగా చేరారు; పన్నెండేళ్లకు అదే స్కూలుకు ప్రధానోపాధ్యాయులయ్యారు. 2012లో మూడు స్కూళ్లు కలిసి అకాడమీ ట్రస్టుగా ఏర్పడినప్పుడు ముఖ్యాధికారి పదవి తనదేనని ఆయన అనుకున్నారు. ఊరూ అలాగే అనుకుంది. బోర్డు మాత్రం తొంభై మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాల నుంచి జిలియన్ హెప్‌వర్త్ గారిని ఎంపిక చేసి, ఆయనను ఉపాధికారిగా నియమించింది.

నాటి నుంచి ఆవిడ బోర్డుకు పంపిన ప్రతి కాగితాన్నీ ఆయన తప్పు దొరుకుతుందేమోనని చదివారు. దొరికేవి. ఆవిడ దిద్దుకునేవారు. మూడు స్కూళ్లు పదకొండయ్యాయి. ఏ స్కూలు పాలకమండలికి ఏ అధికారం ఉండాలో తేల్చిన పట్టిక ఆ దిద్దుబాట్లలోంచే వచ్చింది.

2019 మార్చి సమావేశంలో జిలియన్ గారి పదవీకాలం పొడిగింపు చర్చకు వచ్చింది. తన విషయం గనుక ఆవిడ బయటికి వెళ్లారు. కార్యదర్శి మోరీన్ గారు నిబంధన ప్రకారం, "ఈ అంశంలో సొంత ప్రయోజనం ఎవరికైనా ఉందా?" అని అడిగారు. ఏడేళ్లుగా లేదంటూ వచ్చిన క్లైవ్ గారు చెయ్యెత్తారు.

"నాకుంది. అసూయ. రాసుకోండి."

"ఫారంలో దానికి గడి లేదండీ."

"ఇతరములు అని ఉంది కదా, అందులో వెయ్యండి."

ఆయన బయటికి వచ్చి, వరండాలో జిలియన్ గారి పక్కన పిల్లల కుర్చీలో కూర్చుని, తాను రాయించిందేమిటో చెప్పారు. ఐదు నిమిషాలకు మోరీన్ గారు వచ్చారు.

"మీరు లేచేసరికి కోరానికి ఒకరు తక్కువయ్యారండీ. మీరేమో ఓటెయ్యకూడదు. నెలాఖరుకి ఈవిడ గడువు అయిపోతుంది."

ఆయన ఇంటికి వెళ్లిపోతే చాలు, ముఖ్యాధికారి పదవి ఖాళీ అవుతుంది. ఆయన లేచి కోటు తొడుక్కున్నారు. పద్నాలుగు మైళ్లు కారు నడిపి, బంగాళాదుంపలు నాటిస్తున్న బోర్డు సభ్యుడు వాల్టర్ పిండర్ గారిని బురద బూట్లతోనే తెచ్చి గదిలోకి పంపారు. తాను మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు.

"ఇప్పుడైనా తగ్గిందా?" అన్నారు జిలియన్ గారు.

"ఎక్కడ తగ్గుతుంది? పైగా పెట్రోలు కూడా నాదే."

ఏటా సెప్టెంబరులో సభ్యుల సొంత ప్రయోజనాల రిజిస్టరు తిరగరాసినప్పుడల్లా ఆయన ఆ నమోదును కొనసాగించారు. గత నెల, పదవీ విరమణకు ముందు ఆయన చివరి సమావేశంలో, మోరీన్ గారు ఎప్పటి ప్రశ్నే అడిగితే జిలియన్ గారు చెయ్యెత్తారు.

"నాదీ అసూయే. పదకొండు స్కూళ్లకీ అధికారిని నేను. ఎక్కడికెళ్లినా పిల్లలు మాత్రం ర్యామ్స్‌డెన్ సార్ రాలేదా అంటారు."

క్లైవ్ గారు "ఇతరములలో వెయ్యండి, మోరీన్" అన్నారు.

ఆయన ఆరోగ్యంగా, దీర్ఘాయుష్మంతులై, శ్రీమతి బ్రెండా గారితో కలిసి ప్రతి సెప్టెంబరులోనూ వచ్చి, తన నమోదును తన చేత్తోనే తిరగరాసి వెళ్లాలని పదకొండు స్కూళ్ల వారూ కోరుకుంటున్నారు.