నోరు పెగలని మాట

విన్నిపెగ్‌లో మంచు కురుస్తున్న మధ్యాహ్నం. నైజీరియాలోని ఇబాడాన్‌లో పదేళ్ళు మందుల షాపు నడిపిన ఆమె, కెనడాలో లైసెన్సుకి చివరి పరీక్ష కోసం కూతురు మోరెనికే బడికెళ్ళిన వేళ వంటింట్లో భర్తనే రోగిని చేసి సాధన చేస్తోంది.

"అమ్మాయ్, నా బీపీ బిళ్ళలు అయిపోయాయే," అన్నాడతను, ఇబాడాన్‌లో వాళ్ళ వీధిలోని ముసలమ్మ గొంతుతో.

"ఉప్పు తగ్గించమంటే విన్నావా మామ్మా? నిన్న కూడా ఎండుచేపల పులుసేగా?" అనేసి ఆమె ఆగిపోయింది. "వద్దు, మోరెనికే నాన్నా. ఆవిడలా మాట్లాడకు. షాపు గుర్తొస్తోంది."

"ఆవిడ ఇప్పటికీ నిన్ను అడుగుతోందట. షాపులోకి కొత్తగా వచ్చినతను తిట్టడట, అందుకే మందు పట్టడంలేదట."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు తడిశాయి. "ఇక్కడ నన్నెవరడుగుతారు? నిన్న నేను పనిచేసే మందుల షాపులో ఒకాయన దగ్గుమందు గురించి అడిగితే, జవాబు నోటిదాకా వచ్చినా లోపలున్న ఫార్మసిస్టుని పిలిచాను. సహాయకురాలిని కదా, చెప్పకూడదు."

"పరీక్షలో చెప్పొచ్చుగా?"

"ముందు నేనెవరో చెప్పుకోవాలి. ఆ మాట దగ్గరే నోరు పెగలడంలేదు. ఆ మాట అని నాలుగేళ్ళయింది."

అతను లేచి బయటికి వెళ్ళి, కొత్త మనిషిలా తలుపు తోసుకుని వచ్చాడు. "మీరెవరండీ?"

"నేను..." గొంతు సవరించుకుంది. "నేను ఫార్మసిస్టుని. చెప్పండి, ఏమిటి బాధ?"

అతను రోగి వేషం మరిచిపోయాడు. "ఇంకోసారి అను, మోరెనికే అమ్మా."

"నేను ఫార్మసిస్టుని," అందామె, పక్కింటికి వినబడేంత గట్టిగా.