భాస్కర్ రావు ఫోల్డరు

నడుము పట్టేసి నాలుగు రోజులుగా జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఇంటిపట్టునే ఉన్న భాస్కర్ రావుకి, పొద్దున్నే ఆఫీసు నుంచి నవ్యశ్రీ ఫోను.

"ఎన్నిసార్లు నడిపినా అదే అన్నా. పైథాన్ ప్రోగ్రాం లేస్తలేదు. షేర్డ్ లైబ్రరీ దొరుకుతలేదంటున్నది."

"కంగారుపడకమ్మాయ్. ఆ లైబ్రరీ నేను సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఫైలే. ఎక్కడ వెతుకుతోంది?"

"మీ ఫోల్డర్‌ల."

"ఇంకేం, అక్కడే ఉంటుంది. మూడేళ్ళుగా అక్కడే ఉంది."

"అందరి ఫోల్డర్‌ల పెట్టొచ్చు గదన్నా."

"పెడితే ఇవాళ నువ్వు నాకు ఫోన్ చేసేదానివా?"

"అంటే... కావాల్నే?"

"కావాలనే. బ్లూ కార్డు వీసా మీద బతికేవాడికి ఆమాత్రం తెలివుండాలి. నేను లేకపోతే అది నడవదు. అది నడవకపోతే వీళ్ళకి గడవదు. నన్నెవడు తీస్తాడు? ఏమ్మా, వింటున్నావా?"

"వింటున్న. పదకొండుకు కస్టమర్లు వస్తున్నరు."

"సరే, నా ఫోల్డర్ తెరువు. ఏముంది?"

"ఏం లేదు."

"ఖాళీయా?"

"ఖాళీ గాదు. ఫోల్డరే లేదు."

"పేరు తప్పు కొట్టుంటావు."

"కొట్టలే."

"మళ్ళీ చూడు."

"అన్నా... మీకు పోస్టుల ఏమన్నా వచ్చిందా?"

"శనివారం ఆఫీసు కవరొకటి వచ్చింది. మా ఆవిడ సంతకం పెట్టి తీసుకుంది. చెప్పుల స్టాండు మీద పడుంది, ఇన్సూరెన్స్ కాగితాలేమో. ఎందుకు?"

"ఊకెనే."

"ఊరికే ఎవరడుగుతారు? ఈ దేశంలో కాగితం మీద ఇచ్చేది ఒక్క... ఉండు."

"వంగకుండ్రి అన్నా, నడుము..."

"చించాను."

"అన్నా."

"క్యుండిగుంగ్. పైనే ఉంది, లావక్షరాల్లో. ఉద్యోగంలోంచి తీసేశారు."

"అంటే ఇప్పటిదాంక చూడలేదా అన్నా?"

"బాధ కూడా రావట్లేదమ్మాయ్. నడుం నొప్పి కూడా తెలియట్లేదు. పదకొండుకి అన్నావు కదూ?"

"ఔ. సొంత ఫోల్డర్లకు బ్యాకప్ లేదంట."

"లేదు. నా పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంది. పంపిస్తాలే, నువ్వెందుకు మాటపడాలి? కొత్తగా చేరినదానివి."

"వద్దన్నా."

"వద్దేమిటి? లోపల ఏముందో కూడా చూడకుండా నా అకౌంటు పీకేశాడు చూడు, వాడెవడో వాడు పడాలి మాట. ఎవడమ్మా?"

"అన్నా..."

"చెప్పు, ఎవడు?"

"మీ అకౌంటు, ఫోల్డరు తీసెయ్యమని టికెట్ నాకే వచ్చింది, నిన్న సాయంత్రం. మీకు ఉత్తరం అందే ఉంటదనుకొని, నేనే తీసేసిన."