స్టార్ల లైను

నా పేరు కొండ్రు దేవకుమార్. తండ్రి పేరు యోనా, ఇప్పుడు లేరు. నా వయసు డెబ్బై మూడు. ఆబిడ్స్‌లో ఒక చర్చిలో చౌకీదారుగా చేశాను. గంట కొట్టడం కూడా నా పనే. ఇప్పుడు పని లేదు. నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనుక పాత కాంపౌండులో మూడో ఇంట్లో ఒక్కడినే ఉంటాను. మెదక్ దగ్గర మా ఊరి మిషన్ బడిలో ఐదో తరగతి వరకు చదివాను. తెలుగు చదవగలను, మెల్లగా రాయగలను. నన్ను ఎవరూ పిలిపించలేదు, నేనే వచ్చాను. ఎస్సై స్వర్ణ మేడమ్ అడుగుతున్నారు, నేను చెబుతున్నాను, రైటర్ గారు రాస్తున్నారు.

మా పక్కింటి యూనీస్ మీద కరెంటు దొంగతనం కేసు పెట్టారు. ఆ లైను ఆమెది కాదు. నాది. అది చెప్పడానికి వచ్చాను.

యూనీస్ కాచిగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఈ మధ్యనే సర్కారు నౌకరీకి ఎంపికైంది. ఆర్డరు చేతికి ఇచ్చే ముందు పోలీసు వెరిఫికేషన్ ఉంటుందట. కేసు ఉంటే ఆర్డరు ఆగుతుందట.

లైను సంగతి మొదటి నుంచి చెబుతాను.

మా కాంపౌండులో నాలుగు ఇళ్ళు వరుసగా ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. క్రిస్మస్‌కు ప్రతి ఇంటి ముందు స్టారు కడతాం. స్టారు ఎవరిది వారిదే, లైను మాత్రం ఒక ఇంటి నుంచి గుంజుతాం. చాలా ఏళ్లుగా అది నా ఇల్లే, ఎందుకంటే చర్చికి లైట్లు కట్టేవాడిని నేనే. చర్చివాళ్లు కొత్త వైరు కొన్నప్పుడు పాతది నాకిచ్చారు. పసుపు, నలుపు మెలిక వైరు. స్విచ్చుబోర్డులో కలిపితే నా ఇంటి ఫ్యూజు ఎగిరిపోయేది. అందుకని మీటరు నుంచి కరెంటు బయటికి వచ్చే చోట కలిపేవాడిని. అప్పుడు మీటరు ఇంటి లోపలి గోడకు ఉండేది. నలుగురి స్టార్ల కరెంటూ నా మీటరు మీదే నడిచేది. కొత్త సంవత్సరం ప్రార్థన అయ్యాక వైరు దించి, చుట్టి, అటక మీద పెట్టేవాడిని.

గత డిసెంబరులో కట్టింది దించలేదు. మొదట నాకు జ్వరం వచ్చి దించలేదు. తర్వాత రత్నమణి కోసం దించలేదు.

రత్నమణి యూనీస్ తల్లి. నన్ను అన్నా అని పిలుస్తుంది. ఆమెకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ ఇంట్లో పెట్టారు. కరెంటు మీద నడుస్తుంది. ముక్కుకు గొట్టం పెట్టుకుంటుంది. ఆ మిషన్ గుర్‌గుర్ శబ్దం గోడ ఇవతల నాకు వినబడుతుంది. మొదట్లో నాకు నిద్ర పట్టేది కాదు. తర్వాత అలవాటైంది.

జనవరిలో మధ్యాహ్నం పూట ఆ శబ్దం ఆగడం మొదలైంది. కరెంటు పోయిందేమో అనుకునేవాడిని. నా ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉండేది. ఒక రోజు రెండు గంటల వేళ పోయి చూశాను. రత్నమణి కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. పెదాలు నేరేడు పండ్లు తిన్నట్టు ఉన్నాయి.

"మిషన్ ఖరాబైందా రత్నమ్మా?" అన్నాను.

"ఖరాబు గాలే అన్నా. నేనే బంద్ జేసిన." జర ఆగి, ఊపిరి తీసుకుని, "రెండు వందలు దాటుతది," అంది.

నెలకు రెండు వందల యూనిట్ల లోపు వాడిన ఇంటికి సర్కారు జీరో బిల్లు ఇస్తుంది. అది మంచి పని, నాదీ జీరో బిల్లే. కానీ రెండు వందలు దాటితే, దాటిన దానికి కాదు, మొత్తానికి కట్టాలి. ఆ మిషన్ రాత్రింబగళ్లు నడిస్తే అదొక్కటే రెండు వందలు తాగుతుంది. బిల్లు వచ్చిన నెల యూనీస్ పగటి డ్యూటీ చేసి, దాని మీద రాత్రి డ్యూటీ కూడా చేసేది. అందుకని పిల్ల బయటికి పోగానే తల్లి మిషన్ బంద్ చేసేది. పిల్ల వచ్చే ముందు మళ్లీ నడిపేది.

"యూనీస్‌కు చెప్పకు అన్నా. చెప్తే నామీద ఒట్టే," అంది.

నేను చెప్పలేదు. యూనీస్‌కు ఈ మాట నేటికీ తెలియదు. ఇది రాయకుండా ఉండవచ్చా అని మేడమ్‌ను అడిగాను. రాయకపోతే మిగతాది ఎవరూ నమ్మరు పెద్దాయనా అన్నారు. సరే, రాయండి.

నా ఇంట్లో ఒక ఫ్యాను, ఒక లైటు, ఒక రేడియో ఉన్నాయి. నెలకు ముప్పై యూనిట్లు కూడా కావు. మిగిలినవి ఎవరికి పోతున్నాయి అనుకున్నాను. కూర మిగిలితే గిన్నెలో పోసి పక్కింటికి పంపుతాం. ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. స్టార్ల లైను ఇంకా గోడ మీదే ఉంది. వాళ్ల కిటికీ దగ్గర స్టారు విప్పి, ఆ కొసకు ప్లగ్గు పెట్టే డబ్బా బిగించాను. మిషన్ దానికి పెట్టి నడిపాను. రత్నమణి గొట్టం ముక్కుకు పెట్టుకుంది.

తర్వాత, "ఇగ నీ మీటరు ఆగితే నా ఊపిరి ఆగుతది. జర మంచిగ జూసుకో అన్నా," అంది.

"మిషన్ ఏం తాగదు. నీ ముచ్చట్లకే ఎక్కువ యూనిట్లు కాలుతయి," అన్నాను.

నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది.

అప్పటి నుంచి యూనీస్ డ్యూటీకి పోయాక మిషన్ నా లైను మీద నడిచేది. ఆమె వచ్చే వేళకు తల్లి దాన్ని మళ్లీ వాళ్ల ప్లగ్గుకు మార్చేది. యూనీస్‌కు గోడ మీది వైరు కనబడేది. నేను బద్ధకంతో దించలేదని అనుకునేది.

"ఈస్టర్ గూడ వచ్చె. స్టార్ల వైరు ఎప్పుడు దించుతవ్ మామా?" అని ఒకసారి అడిగింది.

"ఇంక దించుడేంది, మల్ల క్రిస్మస్ వస్తనే ఉన్నది," అన్నాను. ఆమె తల కొట్టుకుని పోయింది.

ఈస్టర్ అయిన కొద్ది రోజులకు మా కాంపౌండులో మీటర్లు మార్చారు. లోపలి మీటరు తీసి, కొత్తది బయటి గోడకు పెట్టారు. ఒక కాంట్రాక్టరు మనిషి వచ్చాడు, ఒక్కడే. నేను నిచ్చెన పట్టుకున్నాను.

"ఈ రెండో వైరేంది పెద్దాయనా?" అని పైనుంచి అడిగాడు.

"స్టార్లది," అన్నాను.

"స్టార్లకు గూడ కరెంటిస్తున్నవా," అని నవ్వి పని చేసుకున్నాడు. ఎండ నా కళ్లలో పడుతోంది. ఆయన పైన ఏం చేశాడో నేను చూడలేదు. దిగాక మజ్జిగ ఇచ్చాను, రెండు గ్లాసులు తాగాడు. ఆ రోజు ఆయనకు ఇంకా చాలా ఇళ్ళు ఉన్నాయి. నా ఇంటి వైరును కొత్త మీటరుకు బిగించాడు, స్టార్ల వైరును స్తంభం నుంచి వచ్చే తీగకే చుట్టి టేపు వేశాడు. అంటే ఆ లైను మీద నడిచింది ఏ మీటరులోనూ ఎక్కలేదు. ఇది నాకు తనిఖీ రోజునే తెలిసింది. ఆయన పేరు నాకు తెలియదు. ఆయన మీద నేను ఏమీ చెప్పదలుచుకోలేదు.

ఇంకొకటి ఉంది. ఇది చెబితే నా మీదికే వస్తుందని తెలుసు. మీటరు మార్చిన తర్వాతి నెల బిల్లు కాగితంలో నా యూనిట్లు ఒక్కసారిగా తగ్గాయి. మిషన్ లేనప్పుడు ఎన్ని వచ్చేవో అన్నే వచ్చాయి. నాకు భయం వేసింది. దొంగతనం అన్న ఆలోచనే రాలేదు. రత్నమణి మళ్లీ మిషన్ బంద్ చేస్తోందని భయం. కాగితం చేతిలో ఉండగానే గోడకు చెవి పెట్టాను. శబ్దం ఉంది. అయినా పోయి అడిగాను.

"బంద్ జేస్తలేవు గద?"

"లేదన్నా. నడుస్తనే ఉన్నది, ఇనవడ్తలేదా?"

వినబడుతోంది. కొత్త మీటరు తక్కువ తిరుగుతుందేమో అనుకున్నాను. కరెంటు ఆఫీసుకు పోయి అడగాల్సింది. అడగలేదు. మిషన్ నడుస్తోంది కదా అని ఊరుకున్నాను.

పోయిన శుక్రవారం పొద్దున నేను బేగం బజారుకు చింతపండు కోసం పోయాను. పదకొండు దాటాక తిరిగి వచ్చాను. గేటు దగ్గర కరెంటు ఆఫీసు జీపు ఉంది. నా గోడకు నిచ్చెన వేసి ఉంది. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు పేరు శ్రీపతి గారు. ఆ రోజు యూనీస్‌కు సెలవు, కానీ సరుకులకని బయటికి పోయి అప్పుడే వచ్చిందట. తల్లి అప్పటికే ప్లగ్గు నా లైనుకు మార్చుకుంది. వాళ్లు వైరు పట్టుకుని పోతే అది యూనీస్ కిటికీలోకి, మిషన్ దాకా పోయింది.

శ్రీపతి గారు వెంటనే కోయించలేదు. "అమ్మా, ముందు మిషన్ మీ ప్లగ్గుకు పెట్టుకోండి," అన్నారు. తర్వాత గడప మీద కూర్చున్నారు.

"సార్, కొయ్యాల్నా?" అని ఆయన మనిషి పైనుంచి అడిగాడు.

"ఆగు జర. ఆమెను మంచిగ ఊపిరి తీసుకోనీ," అన్నారు.

ఆమె కుదుటపడ్డాక కోయించారు. అప్పుడు, ఈ లైను ఎవరు వేశారని అడిగారు. కాంపౌండు అంతా గుమిగూడి ఉంది. నేను చింతపండు సంచితో గేటు దగ్గర నిలబడి ఉన్నాను. నాకు నలుగురిలో మాట తొందరగా రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. నేను అని చెప్పడానికి నోరు తెరిచాను.

అంతలో యూనీస్, "నేనే ఏయించిన సార్. పక్కింటి పెద్దాయనకు ఏం తెల్వదు," అంది.

అన్నాక నా వైపు చూసింది. వద్దన్నట్టు తల ఊపింది. రాసుకున్నారు. ఆమె సంతకం పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. సంచి చేతిలోనే ఉంది.

సాయంత్రం అడిగాను. "ఎందుకట్ల చెప్పినవ్ బిడ్డా?"

"మరి నిన్ను జైల్ల పెట్టనియ్యాల్నా మామా? బియ్యం దుకాణంల లైన్‌ల నిలవడనీకే సిగ్గువడ్తవ్. గాడ పోలీసులతోని ఏం మాట్లాడ్తవ్?"

"నీ నౌకరి?"

"ఇంకోటొస్తది తియ్యి. ఫికర్ చెయ్యకు."



అప్పటి నుంచి మిషన్ వాళ్ల మీటరు మీదే నడుస్తోంది. నేను గోడ పక్కనే మంచం వేసుకున్నాను. రోజూ రావాలనుకున్నాను. రోజూ చొక్కా తొడుక్కుని గేటు దాకా వచ్చి వెనక్కి పోయాను. నిన్న మధ్యాహ్నం ఆ శబ్దం ఆగింది. గోడ తట్టాను. పలకలేదు. పోయి చూస్తే రత్నమణి మళ్లీ అట్లాగే వంగి కూర్చుంది.

"పిల్లకు కొత్త నౌకరి లేదాయె. ఇంక బిల్లు గూడ నేనే తెచ్చిపెట్టాల్నా అన్నా," అంది.

మిషన్ నేను నడిపాను. ఈ రోజు పొద్దున చొక్కా తొడుక్కుని, గేటు దగ్గర ఆగకుండా వచ్చాను.

ఆ పిల్ల నౌకరీ కోసం నేరం మీ మీద వేసుకుంటున్నారా అని మేడమ్ అడిగారు. లేదు. కరెంటు ఆఫీసువాళ్లు కేసుతో మీకిచ్చిన వైరు తెప్పించండి అన్నాను. తెప్పించి బల్ల మీద పెట్టారు. ఎక్కడెక్కడ అతుకు ఉందో చూడకుండానే చెప్పాను. ప్రతి అతుకు మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంటుంది. దాని మీద తెల్ల పోగు కట్టి ఉంటుంది. అది చర్చి గంట తాడు మార్చినప్పుడు పాత తాడు నుంచి తీసిన పోగు. మేడమ్ ఒక ముడి విప్పబోయారు, రాలేదు. ఆ ముడుల్లో కొన్ని యూనీస్ పుట్టకముందు వేసినవి. ఆమె ఎట్లా వేయిస్తుంది?

"మిగిలిన యూనిట్లు మీయి గావు పెద్దాయనా. వాడకుంటే అవి సర్కారుయే," అని మేడమ్ చెప్పారు. ఔ, ఇప్పుడు తెలిసింది. నాకు ఏ శిక్ష వేసినా సరే. యూనీస్ పేరు తీసేయండి. ఊపిరి మిషన్ ఉన్న ఇళ్లకు వేరే ఏదైనా దారి ఉందా అని శ్రీపతి సారును అడుగుతానని మేడమ్ అన్నారు. అది కూడా రాయమని అడిగాను, మర్చిపోకుండా.

వైరు మీ దగ్గరే ఉంచుకోండి. డిసెంబరు దాకా దానితో పని లేదు.

రైటర్ గారు ఇదంతా చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పి పంపలేదు. యూనీస్‌కు నేను ఇక్కడికి వచ్చినట్టు తెలియదు, ఆమె డ్యూటీలో ఉంది. ఇప్పుడు గోడ మీది గడియారంలో రెండున్నర అవుతోంది. పక్కింట్లో శబ్దం ఉందో లేదో ఇక్కడి నుంచి నాకు వినబడదు. సంతకం పెట్టాల్సిన చోటు చూపిస్తే పెట్టి పోతాను.

కొం. దేవకుమార్

(సంతకం స్పష్టంగా రానందున పక్కన ఎడమ బొటనవేలి ముద్ర కూడా తీసుకోబడినది.)